సిమ్యులేషన్ టూళ్ల పద్యమునకు టీకా తాత్పర్యములు

తూచి తూచి టూలు తూకాలు వేసినా
క్యూలు తరగునొక్కొ కొలత లేక
సగటు నమ్మువాడు సైమ్యులేటరు కొన్న
జనుల బారు పెరుగు జాము జాము

అవతారిక: ఒకానొక ఆఫీసున, పని ఎక్కడ చిక్కుకొనుచున్నదో చూపు సిమ్యులేషన్ టూలు ఏది కొనవలెనని కమిటీ కూర్చుండి పోలికపట్టిక నింపుచుండగా, టీ కొరకు లేచిన కవి చెప్పినది.

ప్రతిపదార్థము: తూచి తూచి = లైసెన్సు ధర ఒక గడిలో, బొమ్మల సొంపు ఒక గడిలో వేసి; టూలు = ఎరీనా, ఎనీలాజిక్, సింపై మొదలగువానికి; తూకాలు వేసినా = మార్కులు కూడినను; కొలత లేక = గడియారము పట్టి చూడకుండ; క్యూలు తరగునొక్కొ = వరుసలు తగ్గునా? (తగ్గవని భావము); సగటు నమ్మువాడు = సగటుతోనే సరిపెట్టుకొనువాడు; సైమ్యులేటరు కొన్న = బడ్జెటు మంజూరు చేయించుకొని కొన్నను; జనుల బారు = టోకెన్లు పట్టినవారి వరుస; జాము జాము = జాముజామునకు (లంచి పిమ్మట మరింతయని గ్రహించునది); పెరుగు = పెరుగును.

తాత్పర్యము: టూళ్లలో భేదము లేదనుట కవి ఉద్దేశము కాదు. ఎరీనాలో పెట్టెలను గీతలతో కలుపుకొనుచు పోవచ్చును. ఎనీలాజిక్ వరుసలతోపాటు, తమంతట తాము నడచుకొను ఏజెంట్లను, సిస్టమ్ డైనమిక్స్‌ను ఒకేచోట ఇముడ్చును. సింపై ఉచితమే గాని పైథాన్ వ్రాయవలెను. అయినను, 1961లో ఐబీఎమ్‌లో జెఫ్రీ గోర్డన్ రచించిన సిమ్యులేషన్ భాష జీపీఎస్ఎస్ నాటినుండి కథ ఒకటే: ఒకడు వచ్చును, ఆగును, పని చేయించుకొనును, పోవును. ఎప్పుడు వచ్చునో, ఎంతసేపు పట్టునో చెప్పవలసినవాడు మాత్రము కొన్నవాడే.

అయిదు నిమిషములకొకడు వచ్చును, నాలుగున్నర నిమిషములలో పోవును అని సగటులే నింపినచో తెరపై క్యూయే ఉండదు. నిజమున ముగ్గురొక్కసారి వత్తురు. నాలుగవవాడు జిరాక్సు మరచును. రాకయు, పట్టు సమయమును యాదృచ్ఛికముగా మారు ఎమ్/ఎమ్/1 లెక్కలో అదే కౌంటరు వద్ద సగటున 9 మంది ఉందురు. పనిభారము, అనగా రాకల వ్యవధిలో పనికి పట్టు భాగము, 80 శాతమైన నలుగురే. 95 శాతమైన 19 మంది. ఈ ఎగుడుదిగుడులు కొలువనివానికి ఏ టూలైనను అందమైన అబద్ధమే చూపును.

విశేషములు: ‘సిమ్యులేటరు’ యతి కొరకు ‘సై’ అయినది. ‘టూలు’ అనుచోట ‘షీట్లు’ అని పాఠాంతరము. గణభంగము లేదు, ఎక్సెల్ వాడువారికి అదియే ఇష్టము. పోలికపట్టికలో ‘వాడుట సులభము’ అను గడి అతిశయోక్త్యలంకారము.

ఫలశ్రుతి: దీనిని కమిటీ ఎదుట పఠించినవానికి స్టాప్‌వాచీ ఇచ్చి వారము దినములు కౌంటరు ప్రక్క నిలబెట్టుదురు. కావున మనసులో చదువుకొనుట క్షేమము.