ఇందుమూలముగా యావన్మందికి

తెలుగునాట ఉపాధ్యాయ సంఘములెన్ని యున్నవో లెక్కించుటకు గణితోపాధ్యాయులే జంకుదురు గాని, ఆ సంఘములన్నియు ఏకకంఠముగా పలుకు మాట యొకటి కలదు: తాము సభ్యులకు సమాచారము నెప్పటికప్పుడు అందించుచు, ప్రతి కార్యక్రమమునందును వారిని భాగస్వాములను జేయుచున్నామని. జెండా రంగు విషయమునను, ఫిట్‌మెంటు శాతము విషయమునను, ప్రక్క సంఘమువారి నిజాయితీ విషయమునను ఎన్నడును కలియని అభిప్రాయములు ఈ యొక్క విషయమున కలియుట చూచి, ఇది సత్యమే యై యుండవలెనని నాకు తోచినది. ఇందఱు పంతుళ్లు ఒకే తప్పు వ్రాయుదురా?

విచారించి చూడగా, సమాచారమునకు కొఱత యున్నదని యెవ్వరును అనలేరు. ఉదయము ప్రార్థన గంట మ్రోగకముందే సభ్యుని ఫోనులో జీవో ప్రతి యొకటి, దాని క్రింద ఆ జీవో తమ కృషివలననే వెలువడినదని యొక సంఘపు ప్రకటన, కాదు తమ కృషివలననే యని మఱియొక సంఘపు ప్రకటన, ఆ జీవోను తక్షణమే రద్దు చేయవలెనని మూడవ సంఘపు డిమాండు, వరుసగా వచ్చి వ్రాలును. వీని నడుమ ఛాయాచిత్రములుండును. విద్యాశాఖాధికారి గదిలో బల్ల కావల అధికారి, ఈవల పదుగురు నాయకులు, నడుమ వినతిపత్రము. దాని యొక కొసను అధికారియు, వేఱొక కొసను నాయకుడును పట్టుకొని, ఇరువురును కెమెరా వైపే చూచుచుందురు. ఆ కాగితములో నేమి వ్రాసియున్నదో చూచువాడు చిత్రమంతయు వెదకినను ఒక్కడును కనబడడు. 'ప్రాతినిధ్యము చేయడమైనది' అను వాక్యము మాత్రము సభ్యునకు చేరును. ఏ నియమము ననుసరించి అడిగిరి, అధికారి యేమని బదులిచ్చెను, ఎన్నాళ్లలో తేల్చెదననెను అనునవి అప్రస్తుత ప్రసంగములు. చిత్రములో జిల్లా ప్రధాన కార్యదర్శి భుజమునకు ఎవరి భుజము అడ్డు వచ్చినదను సంగతి మాత్రము మరుసటి కార్యవర్గపు ఎన్నిక వఱకు అందఱకును జ్ఞాపకముండును.

ఈ సమాచారమంతయు ప్రవహించు వాట్సాప్ గ్రూపులలో పెక్కింటికి ఒక కట్టుబాటు కలదు. అడ్మిన్లు తప్ప అన్యులు అందులో నోరు మెదపరాదు. ఇది అకారణముగా వచ్చినది కాదు. శుభోదయ పుష్పగుచ్ఛములును, పుట్టినరోజు కేకులును, దేవతామూర్తులును దినమునకు నూఱేసి దిగుచుండగా విసిగి వేసికొన్న తాళమది. అయితే పుష్పగుచ్ఛముల కొఱకు వేసిన యా తాళములో, డీఏ బకాయి లేమైనవని అడుగదలచినవాడును చిక్కుపడినాడు. పూర్వము గ్రామములందు దండోరా వేయువాడు తప్పెట మ్రోగించి, చెప్పవలసినది చెప్పి, ఎవ రేమడుగుదురో యని వెనుదిరిగి చూడక ప్రక్క వీధికి పోయెడివాడు. అతనిని తప్పు పట్టరాదు. అతడెన్నడును ఊరివారిని భాగస్వాములను జేయుచున్నానని చెప్పుకొనలేదు.

న్యాయము చెప్పవలెనన్న, సంఘములు వేయు డైరీలు మిక్కిలి ఉపయుక్తములు. సెలవుల నిబంధనలు, ఇంక్రిమెంట్ల లెక్కలు, వేతన స్కేళ్ల పట్టికలు ఇందు దొరకినంత సులువుగా ఏ కార్యాలయమునందును దొరకవు. సర్వీసు రిజిస్టరులో ఎక్కవలసిన ఇంక్రిమెంటు ఎక్కనపుడు, తన బడి ముగించుకొని సాయంకాలము ఎంఈఓ కార్యాలయమునకు పోయి, గుమాస్తా బల్లయొద్ద నిలుచువాడు మండల శాఖ కార్యదర్శియే. ఆయనను నేను హాస్యమాడను. ఆయనకును పైనుండి వచ్చు సమాచారము అంతంతమాత్రమేనని నా అనుమానము.

ఇక భాగస్వామ్యము. ఇది సభ్యత్వపు రసీదుతో ప్రారంభమగును. ఒకే స్టాఫు గదిలో మూడు సంఘములవారితో కలసి భోజనము చేయవలసిన ఉపాధ్యాయుడు, శాంతికాముకుడైనచో, మూడు రసీదులును తీసికొని మూడు క్యాలెండర్లును గోడకు తగిలించుకొనును. తరువాత మహాసభ జరుగును. వేదికపై అతిథులు, అతిథులకు శాలువాలు, శాలువాల వెనుక ఉపన్యాసములు, ఉపన్యాసముల వెనుక భోజనము, భోజనానంతరము తీర్మానములు. తీర్మానములు చదువబడునపుడు సభలో మెలకువగా నున్నవారు చప్పట్లు చఱతురు, అది ఆమోదము. నూతన కార్యవర్గపు జాబితా ఒకరి జేబులోనుండి టైపు చేయబడియే వెలువడును, అది ఏకగ్రీవము. సభ్యుడు ఇంటికి పోవునపుడు చేతిలో సంచియు, సంచిలో నివేదికయు నుండును; ఆ నివేదికలో సభ్యులందఱును చురుకుగా పాల్గొనిరని ముందుగానే అచ్చుపడియుండును.

శాసనమండలి ఎన్నికల కాలమున ఈ భాగస్వామ్యము మఱింత సూక్ష్మరూపమును దాల్చును. మండలిలో పండ్రెండవ వంతు స్థానములకు ఉపాధ్యాయులు ఎన్నుకొనవలెనని రాజ్యాంగపు 171వ అధికరణము చెప్పుచున్నది. ఆ యధికరణమే, ఓటరు ఉన్నత పాఠశాల స్థాయికి తక్కువ గాని విద్యాసంస్థలో బోధించువాడై యుండవలెననియు చెప్పుచున్నది. కావున ప్రాథమిక పాఠశాలలో ఒకటవ తరగతికి అక్షరములు దిద్దించు సెకండరీ గ్రేడు ఉపాధ్యాయునకు ఓటు లేదు. ఆ మాసమున ఆతని ఫోను విశ్రాంతి తీసికొనును. ధర్నా శిబిరములో తివాచీ నిండవలసినపుడు మరల మ్రోగును.

ఇదంతయు చిన్న ముచ్చట యనుకొనువారు 2022వ సంవత్సరపు ఆరంభమును స్మరింపవలెను. అప్పటికి 27 శాతము మధ్యంతర భృతి పొందుచున్న ఆంధ్రప్రదేశ్ ఉద్యోగోపాధ్యాయులకు 23 శాతము ఫిట్‌మెంటు ప్రకటింపబడగా, అసలు ఆశుతోష్ మిశ్రా వేతన సవరణ కమిషన్ నివేదికను మాకు చూపక ఎట్లు నిర్ణయించితిరని సంఘములన్నియు ప్రభుత్వమును నిలదీసినవి. అడుగవలసిన ప్రశ్నయే. ఫిబ్రవరి 3న 'ఛలో విజయవాడ' యనగా, పోలీసుల అడ్డంకులను దాటుకొని వేలమంది బీఆర్టీఎస్ రోడ్డును నింపిరి. ఆ దినమున భాగస్వామ్యమన నేమో కన్నులార చూచితిమి. పిమ్మట 5వ తేదీ రాత్రి మంత్రుల సంఘముతో చర్చలు ముగిసి, ఇంటి అద్దె భత్యమున కొంత సవరణ, మధ్యంతర భృతి రికవరీ విరమణ, ఫిట్‌మెంటు మాత్రము ఆ 23 శాతమే యని తేలి, మరుదినము అర్ధరాత్రి మొదలు కావలసిన సమ్మె మొదలు కాకయే ముగిసినది. నివేదిక చూపక నిర్ణయింతురా యని నినదించిన సభ్యుడు, తన పేర కుదిరిన ఒడంబడికను టీవీ తెర దిగువన పరుగెత్తు అక్షరములలో తెలిసికొనెను. ఉపాధ్యాయ సంఘముల నాయకులు ఇది మాకు సమ్మతము కాదని బయటకు వచ్చిరి. వారి యాగ్రహము సహేతుకమే. అయినను ఆ యసమ్మతి విషయమైనను బడిబడికిని పోయి ఓట్లు సేకరించి లెక్కించినట్లు వినలేదు. లెక్కించినచో బహుశః వారి పక్షమే గెలిచెడిది.

ఇట్టి పనులు చేయు వింత మనుష్యులు అమెరికాలో ఉన్నారు. చికాగో నగరపు ఉపాధ్యాయ సంఘము 2012 సెప్టెంబరు 10న సమ్మెకు దిగినది. వారము తిరుగకముందే అధ్యక్షురాలు కారెన్ లూయిస్ బృందము ఒక ఒప్పందపు ముసాయిదాను తెచ్చి, 16వ తేదీ ఆదివారమునాడు ప్రతినిధుల సభ ముందుంచినది. ఆ ప్రతినిధులు చప్పట్లు చఱచి భోజనమునకు లేవవలసినవారు, మేము దీనిని మా బడులకు తీసికొనిపోయి సభ్యులతో చదివించి వత్తుము, రెండు దినములు గడువిండనిరి. మరునాడు ఉపాధ్యాయులు బడుల వెలుపల కాలిబాటలపై చేరి, కాగితములు పంచుకొని, షరతు షరతునకు ఆగి చదివిరి. మేయరు సమ్మెను ఆపింపుడని న్యాయస్థానమునకు పోయెను. 18వ తేదీని ప్రతినిధులు మరల కూడి సమ్మె విరమించిరి. అక్టోబరులో సభ్యులు ఓటు వేసి ఒప్పందమును ఆమోదించిరి. ఎంత కాలవ్యయము! అధ్యక్షురాలే అంగీకరించిన కాగితమును ఒకటవ తరగతి పంతులమ్మ మరల చదువుటయా? మన దేశమున నాయకునియందు విశ్వాసమనునది ఇంకను మిగిలియున్నది.

ఇంతమంది చదివినచో ఒప్పందమెన్నడును కుదరదనియు, రహస్యము నిలువదనియు, ప్రతివాడును ఒక సవరణ చెప్పుననియు, చర్చల లోతుపాతులు సామాన్య సభ్యునకు బోధపడవనియు నాయకులు నాకు నచ్చజెప్పుదురు. చక్కని వాదము. దీనినే వేతన సవరణ నివేదిక విషయమున ఆర్థికశాఖ కార్యదర్శి చెప్పినచో, వీరు సచివాలయపు మెట్లపై కూర్చుండి మూడు దినములు లేవరు.