పీసీసీ వీలైనంత ఆలస్యంగా పొందడం ఎలా?

హెచ్1బీ మీద గ్రీన్‌కార్డు క్యూలో విసిగిపోయిన తెలుగువాడు డాలస్‌లో కూర్చుని కెనడా పీఆర్‌కు దరఖాస్తు పెడతాడు. ఏళ్లుగా పన్నులు సక్రమంగా కట్టినవాడు, అర్ధరాత్రి ఖాళీ రోడ్డు మీద కూడా ఎర్రలైటు దగ్గర ఆగినవాడు. అవన్నీ విన్నాక కెనడా అడిగేది ఒక్కటే: ఇండియాలో ఇతని మీద కేసులేమీ లేవని ఇండియా చేత చెప్పించండి. అలా చెప్పే కాగితమే పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్, వాడుకలో పీసీసీ. దరఖాస్తుదారు ఇండియాలో ఉంటే పాస్‌పోర్ట్ సేవా కేంద్రం ఇస్తుంది, ఫీజు 500 రూపాయలు. బయట ఉంటే అక్కడి ఇండియన్ ఎంబసీయో కాన్సులేటో ఇవ్వాలి. అమెరికాలోనైతే ఆ దరఖాస్తు వీఎఫ్ఎస్ కౌంటరు మీదుగా వెళుతుంది. ఉద్యోగానికి, స్థిర నివాసానికి, దీర్ఘకాలిక వీసాకు ఇస్తారు. టూరిస్టు వీసాకు ఇవ్వరు.

ఈ కాగితాన్ని చకచకా తెచ్చుకోవడం గొప్ప సంగతేమీ కాదు. పాస్‌పోర్టు రికార్డులో పాత పోలీస్ వెరిఫికేషన్ క్లియర్‌గా ఉంటే కాన్సులేట్ పెద్దగా ఆలస్యం చేయదు. నైపుణ్యమంతా దాన్ని సాగదీయడంలోనే ఉంది. ఆ విద్యలో ఆరితేరిన ప్రవాసుల పద్ధతులు కింద ఇస్తున్నాం.

ఒకటి: ముహూర్తం చూసుకోవాలి

ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో ఆహ్వానం వచ్చాక పూర్తి దరఖాస్తు పెట్టడానికి కెనడా ఇచ్చే గడువు 60 రోజులు. కాబట్టి ఆహ్వానం వచ్చేదాకా పీసీసీ ఊసెత్తకూడదు. వచ్చాక మొదటి నెల స్నేహితులకు పార్టీలివ్వడంలో, రెండో నెల పాత మేనేజర్లను అనుభవ పత్రాల కోసం బతిమాలడంలో గడపాలి. ఆఖరి వారంలో అపాయింట్‌మెంట్ కోసం వెతికితే కలిగే ఉత్సాహమే వేరు.

మరీ ముందుచూపు ఉన్నవాళ్లకు ఇంకో దారి ఉంది. ఆస్ట్రేలియా పీసీసీని జారీ అయిన తేదీ నుంచి 12 నెలలే లెక్కలోకి తీసుకుంటుంది. అందుకని స్కిల్స్ అసెస్‌మెంట్ మొదలవకముందే తెచ్చి బీరువాలో భద్రపరిస్తే, అవసరం పడేనాటికి దానికి కాలం చెల్లుతుంది. రూల్సు చదవడం ఎలాగూ మన ఇంటావంటా లేదు. ఇండియా నుంచి వచ్చేశాక తీసుకున్న పీసీసీ, మళ్లీ అక్కడికెళ్లి వరుసగా ఆరు నెలలు ఉండనంత వరకు, కెనడాకు పనికొస్తుంది. ఆ వాక్యం కంటపడనివాళ్లు ఆరు నెలలకోసారి కొత్తది తెచ్చుకుని తృప్తి పడతారు.

రెండు: పాస్‌పోర్టులో హాస్టల్ చిరునామా ఉంచాలి

ఇది అన్నిటికంటే బలమైన పద్ధతి. పాత వెరిఫికేషన్ క్లియర్‌గా లేకపోతే కాన్సులేట్ ఫైలును ఇండియాకు పంపుతుంది. అది దరఖాస్తుదారు మెసలుతున్న డాలస్‌కు కాక, అతని ఇండియా చిరునామా ఏ పోలీస్ స్టేషన్ పరిధిలో ఉందో అక్కడికి వెళుతుంది. ఆ చిరునామా అమీర్‌పేటలో కోచింగ్ రోజుల్లో ముగ్గురు కలిసి పంచుకున్న హాస్టల్ గది అయితే అంతకంటే కావలసిందేముంది? కానిస్టేబుల్ వెళ్లేసరికి హాస్టల్ చేతులు మారి ఉంటుంది. రిజిస్టర్ కొత్త ఓనర్ దగ్గర ఉండదు, పాత ఓనర్ ఫోన్ ఎత్తడు. వాచ్‌మన్ "అట్లాంటోళ్లు శానామంది ఉండిపోయిన్రు సార్" అంటాడు. ఆ చిరునామాలో లేడని రిపోర్టు వెళుతుంది. అది నిజమే కదా!

సొంత ఊరి చిరునామా ఉన్నవాళ్లు నిరాశ పడనక్కర్లేదు, వాళ్లకు ప్రభుత్వాలే సాయం చేశాయి. తెలంగాణ 2014లో 10 జిల్లాలతో ఏర్పడింది, 2016 దసరాకు అవి 31 అయ్యాయి, ఇప్పుడు 33. ఆంధ్రప్రదేశ్‌లోని 13 జిల్లాలు 2022 ఏప్రిల్ 4న 26 అయ్యాయి. కుక్కునూరు సంగతే చూడండి. ఒకప్పుడు ఖమ్మం జిల్లా. 2014లో పోలవరం ముంపు మండలాలతో పాటు ఆంధ్రలోకి వచ్చి పశ్చిమ గోదావరి అయింది. 2022లో ఏలూరు జిల్లా అయింది. అక్కడి మనిషి అరుగు దిగకుండానే మూడు జిల్లాల వాడయ్యాడు. పాస్‌పోర్టులో ఒక జిల్లా, ఆధార్‌లో ఇంకో జిల్లా, దరఖాస్తులో అలవాటు కొద్దీ మూడో జిల్లా రాస్తే ఫైలు ఈ ఎస్పీ ఆఫీసు నుంచి ఆ ఎస్పీ ఆఫీసుకు తిరుగుతూ ఉంటుంది.

మూడు: ఇంట్లో చెప్పకూడదు

అమ్మానాన్నలను ఎందుకు కంగారు పెట్టడం? తెనాలిలోనో తణుకులోనో ఉన్న రిటైర్డ్ మాస్టారికి ఓ మధ్యాహ్నం కొత్త నంబరు నుంచి ఫోన్ వస్తుంది.

"మాస్టారూ, స్పెషల్ బ్రాంచ్ నుంచి మాట్లాడుతున్నానండి. మీ అబ్బాయి విషయం..."

"ఏ పార్సిల్ పట్టుకున్నారు నాయనా? డ్రగ్సా, దొంగ పాస్‌పోర్టులా?"

"అది కాదండీ, మీ అబ్బాయి పీసీసీకి..."

"నాకంతా తెలుసులే. పెట్టెయ్!"

మాస్టారి తప్పేం లేదు. డిజిటల్ అరెస్టు పేరుతో జరిగే మోసాల గురించి 2024 అక్టోబరులో ప్రధానమంత్రే మన్ కీ బాత్‌లో హెచ్చరించారు. పోలీసునంటూ వచ్చే ఫోన్లను నమ్మొద్దని కొడుకే వాట్సాప్‌లో రోజూ నూరిపోశాడు. కానిస్టేబుల్ బండేసుకుని ఇంటికొస్తే, ఆ పెద్దాయన గ్రిల్ తలుపు తీయకుండానే ఐడీ కార్డు చూపించమని, సైబర్ ఫిర్యాదుల నంబరు 1930 కలుపుతానని బెదిరిస్తాడు. ఆధార్ జిరాక్సు, కొడుకు టెన్త్ మెమో, ఇద్దరు ఇరుగుపొరుగు సాక్షులు సిద్ధంగా ఉంటే పావుగంటలో తేలే పని, ఇలా మరో వారానికి వాయిదా పడుతుంది.

నాలుగు: పేరును ఎక్కడికక్కడ మార్చాలి

తెలుగువాళ్లకు ఇది దేవుడిచ్చిన వరం. టెన్త్ మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరం, పాస్‌పోర్టులో పూర్తిగా, కెనడా దరఖాస్తులో చివర. పాస్‌పోర్టులో పేరంతా ఒకే గడిలో నింపేసి, రెండోది ఖాళీగా వదిలినవాళ్లకు అమెరికా వీసా మీద ఎఫ్ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్) అనే కొత్త పేరు కూడా దొరికింది. పీసీసీ మాత్రం పాస్‌పోర్టులో ఉన్నట్టే వస్తుంది. మిగతా కాగితాల్లోని మనుషులంతా తానొక్కడేనని నిరూపించుకునే బాధ్యత దరఖాస్తుదారుదే.

ఐదు: ఒకటి తెచ్చి పది జిరాక్సులు తీయాలి

పీసీసీలో ఏ దేశానికో పేరు పెట్టి రాస్తారు. ఫలానా పాస్‌పోర్టు గల వ్యక్తి మీద ఫలానా దేశానికి వెళ్లడానికి అడ్డు వచ్చే ప్రతికూల సమాచారం లేదన్నది దాని సారాంశం. కెనడా కోసం తీసుకున్నది ఆస్ట్రేలియాకు పంపి చూడటం సాహసికుల పని. అమెరికాలో ఎమ్మెస్ చేసి అక్కడే ఉద్యోగం చేసినవాడు, ఇండియా పీసీసీ ఉందిగా అని ఎఫ్‌బీఐ సర్టిఫికెట్‌ను వదిలేస్తే ఇంకా మంచిది. దాని ఫీజు 18 డాలర్లే, కానీ వేలిముద్రలు ఇవ్వాలి. గత పదేళ్లలో వరుసగా ఆరు నెలలు గానీ అంతకు మించి గానీ ఉన్న ప్రతి దేశం నుంచీ కెనడా కాగితం అడుగుతుంది.

ఆరు: పాత కేసును మరిచిపోవాలి

తెలంగాణ ఉద్యమ రోజుల్లో ఉస్మానియా యూనివర్సిటీ దగ్గర ధర్నాలో ఒకడిని పోలీసులు పట్టుకెళ్లి, సాయంత్రానికి వదిలేశారు. అంతటితో అయిపోయిందనుకున్నాడు. కేసు ఎత్తేశారని పేపర్లో కూడా చదివాడు. స్టేషన్ రికార్డులో ఆ మాట ఎక్కిందో లేదో చూసుకోవడం మాత్రం అతని స్థాయికి తగదు. కోర్టులో క్రిమినల్ కేసు నడుస్తుంటే పాస్‌పోర్టు నిరాకరించడానికి 1967 నాటి పాస్‌పోర్టుల చట్టం వీలిస్తుంది. కోర్టు అనుమతి తెచ్చుకుంటే మినహాయింపునిచ్చే నోటిఫికేషన్ 1993లో వచ్చింది. పీసీసీ దగ్గరా చిక్కు అక్కడే పడుతుంది. అప్పుడు వరంగల్‌లోనో హైదరాబాద్‌లోనో వకీలును పెట్టుకుని, కేసు ముగిసిందన్న ఉత్తర్వు సర్టిఫైడ్ కాపీ కోసం డాలస్ నుంచి రాత్రిళ్లు ఫోన్లు చేయవచ్చు.

ఏడు: మధ్యవర్తిని నమ్మాలి

అసలు వెబ్‌సైట్ పాస్‌పోర్ట్ ఇండియా డాట్ గవ్ డాట్ ఇన్. దాన్ని పోలిన పేర్లతో నకిలీ సైట్లు పుట్టుకొచ్చాయని విదేశాంగ శాఖే హెచ్చరించింది. అసలు దాంట్లో ఫీజు తక్కువ కాబట్టి గౌరవం కూడా తక్కువ. ఎక్కువ అడిగేవాడికే ఎక్కువ తెలుస్తుందని నమ్మేవాళ్లు ఏజెంటు దగ్గరికి వెళ్లాలి. ఊళ్లో వెరిఫికేషన్‌కు వచ్చినవాళ్లు చాయ్ ఖర్చులు అడిగితే గూగుల్ పేలో పంపేసి, ఆ సంగతి విలేజ్ గ్రూపులో చెప్పి మిగతావాళ్లకూ రేటు ఖాయం చేయాలి. తెలంగాణ ఏసీబీ నంబరు 1064 ఫోన్‌లో సేవ్ చేసుకోకూడదు.

ఈ ఇబ్బందులేవీ లేని దేశమూ ఉంది: భారతీయులు వీసా కోసం పీసీసీ ఇవ్వనక్కర్లేదని సౌదీ అరేబియా 2022 నవంబరులో ప్రకటించింది. కువైట్ పనికి వెళ్లేవాళ్లకు ఆ సదుపాయం లేదు.

తొందర ఉన్నవాళ్లు మాత్రం పై పద్ధతులన్నీ తిరగేయాలి. సెలవుల్లో ఇండియా వచ్చినప్పుడే పాస్‌పోర్టు చిరునామా, పేరు సరిచేసుకోవాలి. 2022 సెప్టెంబరు 28 నుంచి పోస్టాఫీసుల్లోని పాస్‌పోర్ట్ సేవా కేంద్రాల్లో కూడా పీసీసీకి దరఖాస్తు చేయవచ్చు. బయట నుంచే చేస్తుంటే ముందుగా నాన్నకు ఫోన్ చేసి, స్పెషల్ బ్రాంచ్ నుంచి ఎవరైనా రావచ్చని చెప్పాలి. వాళ్లు అడిగేది కాగితాలే. డబ్బు గానీ ఓటీపీ గానీ అడిగితే మాత్రం మాస్టారి పద్ధతే సరైనది.