ఒకే ఒక్క ఫైనలిస్టు

2018 మార్చి 1న ఫ్లోరిడాలోని మయామీ-డేడ్ స్కూల్ బోర్డు అత్యవసరంగా సమావేశమైంది. తుపాను రాలేదు, బడి కప్పు కూలలేదు. ఒక ఉద్యోగి ఉద్యోగం మారుతున్నారు, అంతే. పదేళ్లుగా అక్కడ సూపరింటెండెంటుగా ఉన్న ఆల్బెర్టో కార్వాల్యో తమ నగరానికి స్కూళ్ల చాన్సలర్‌గా వస్తున్నారని న్యూయార్క్ మేయర్ బిల్ డి బ్లాజియో ముందురోజే ప్రకటించేశారు. మయామీలో బోర్డు సభ్యులూ పిల్లలూ ఒకరి తర్వాత ఒకరు మైకు పట్టుకుని వెళ్లొద్దని బతిమాలారు. టీవీలో ప్రత్యక్ష ప్రసారం. మధ్యలో ఆయన లేచి బయటికెళ్లారు. కాసేపటికి తిరిగొచ్చి, పెద్దలకిచ్చిన మాట కన్నా పిల్లలకిచ్చిన మాటే గొప్పదన్న ధోరణిలో మాట్లాడి, న్యూయార్క్ వెళ్లడం లేదని చెప్పారు. ఒళ్లు మండిన న్యూయార్క్ మేయర్ ప్రెస్ సెక్రటరీ, ఇలాంటి మనిషిని ఇక ఎవరు ఉద్యోగంలో పెట్టుకుంటారని ట్విట్టర్‌లో ఈసడించారు. జవాబు 2021 డిసెంబరులో వచ్చింది. లాస్ ఏంజెలెస్ స్కూల్ బోర్డు ఏకగ్రీవంగా, ఏడాదికి 4,40,000 డాలర్ల జీతం మీద ఆయన్నే పెట్టుకుంది. ఈసారి వెళ్లారు. మాట తప్పారని నిష్ఠూరమాడటానికీ లేదు. ఆనాడు మైకు ముందు నిలబడ్డ హైస్కూలు పిల్లలు అప్పటికే పాసై తలో దిక్కుకూ వెళ్లిపోయి ఉంటారు.

ఇటు న్యూయార్క్ కూడా పెద్దగా దుఃఖించలేదు. కార్వాల్యో కాదన్న నాలుగు రోజులకల్లా, మార్చి 5న, హ్యూస్టన్ సూపరింటెండెంట్ రిచర్డ్ కరాంజా పేరు ప్రకటించేసింది. ఆయన హ్యూస్టన్‌కు వచ్చి ఏడాదిన్నరే. ఆరు నెలల కిందటే హార్వీ తుపాను ఊరిని ముంచింది. అక్కడి స్కూల్ డిస్ట్రిక్ట్ బడ్జెట్‌లో దాదాపు 11.5 కోట్ల డాలర్ల లోటు కనిపిస్తోంది. ఇలాంటప్పుడు నడి ఏట్లో వదిలేసి పోతారా అని హ్యూస్టన్ వాళ్లు నొచ్చుకున్నారు. డబ్బు కోసమే అనడానికీ కుదర్లేదు, కొత్త జీతం పాత జీతమంతే: 3,45,000 డాలర్లు. అయితే 2016లో ఇదే కరాంజా శాన్ ఫ్రాన్సిస్కోను వదిలి హ్యూస్టన్‌కు వచ్చినప్పుడు, అక్కడి పిల్లల గతేమిటని హ్యూస్టన్‌లో ఎవరైనా నొచ్చుకున్న దాఖలా లేదు. అప్పుడది ద్రోహం కాదు, మన ఊరి అదృష్టం. పొరుగూరి ఇల్లరికపు అల్లుణ్ని మేళతాళాలతో లేపుకొచ్చి, రెండేళ్లకు అతను ఇంకో ఊరి సంబంధం చూసుకుంటే కులం కట్టుబాట్లు గుర్తు తెచ్చుకునే మామగారి తీరు ఇది.

అమెరికాలో సుమారు 13,000 స్కూల్ డిస్ట్రిక్టులున్నాయి. న్యూయార్క్‌లాగా మేయర్ చేతికింద ఉన్నవి కొద్దే. మిగతావాటిలో చాలా చోట్ల ఊరివాళ్లు ఓటేసి బోర్డును ఎన్నుకుంటారు, బోర్డు ఒక సూపరింటెండెంటును కాంట్రాక్టు మీద నియమిస్తుంది. మన దగ్గర డీఈవో బదిలీ కావాలంటే హైదరాబాదులోనో అమరావతిలోనో ఒక ఉత్తర్వు వెలువడితే చాలు. పాతాయన పేరైనా తల్లిదండ్రులకు తెలియకముందే కొత్తాయన చార్జి తీసుకుంటాడు. ఎంఈవో కుర్చీల సంగతి చెప్పనే అక్కర్లేదు, ఏళ్ల తరబడి ఇన్‌ఛార్జిలతోనే నడిచిన మండలాలెన్నో. కనుక ఒక అధికారి వెళ్లిపోతున్నాడని ఊరు ఊరంతా కదిలొచ్చి మైకు ముందు వరస కట్టడం మనకు ముచ్చటగానే ఉంటుంది. ప్రజాస్వామ్యమంటే ఇదీ అనిపిస్తుంది. చిక్కల్లా ఏమిటంటే, ఆ ఊరు తన బలమంతా వెళ్లే మనిషి మీద ఖర్చు పెట్టేసి, వచ్చే మనిషి వేళకు ఉత్తచేతులతో నిలబడుతోంది. పైగా మొదటి పనే రెండో దుస్థితికి కారణమవుతోంది.

ఎలాగో చూడండి. వేరే డిస్ట్రిక్టుకు దరఖాస్తు పెట్టాడని పొక్కిన మర్నాటి నుంచి ఆ సూపరింటెండెంట్ సొంత ఊళ్లో ఒక కాలు గడప బయట పెట్టినవాడే. అతను తెచ్చిన బడ్జెట్‌లో రంధ్రాలు కనిపిస్తాయి, మూసేస్తానన్న బడి దగ్గర ధర్నా మొదలవుతుంది, పోయేవాడి మాట మాకెందుకని యూనియన్ చర్చలు వాయిదా వేస్తుంది. ఆ ఉద్యోగం రాకపోతే పరిస్థితి మరీ ఘోరం. పెళ్లి తప్పిపోయిందని ఊరందరికీ తెలిసిన ఇంట్లో మళ్లీ తలెత్తుకు తిరగాలి. ఇది ఎరిగిన అభ్యర్థులు పేరు బయటపెడితే రామంటారు. వాళ్లను వెతికిపెట్టే కన్సల్టెంట్లు ఆ మాటే బోర్డుల చెవిలో ఊదుతారు. బోర్డు తలుపులు మూసుకుని ఇంటర్వ్యూలు చేస్తుంది. అంటే వెళ్లేవాళ్ల మీద ప్రతి ఊరూ కురిపించే ఆగ్రహమే, వచ్చేవాళ్లను ప్రతి ఊరికీ కనపడకుండా చేసే ముసుగు. తిట్టేది హ్యూస్టన్, చెల్లించేది ఇంకో ఊరు. వంతు వచ్చినప్పుడు హ్యూస్టన్ కూడా చెల్లిస్తుంది.

ఈ ముసుగును హ్యూస్టన్ ఉన్న టెక్సస్ రాష్ట్ర చట్టం చక్కగా కుట్టించి ఇచ్చింది. అక్కడ సూపరింటెండెంటు ఉద్యోగానికి దరఖాస్తు పెట్టినవాళ్ల పేర్లు రహస్యం. ఫైనలిస్టుల పేర్లు మాత్రం నియామకానికి ఓటేసే 21 రోజుల ముందు ప్రజలకు చెప్పి తీరాలి. చట్టం రాసినవాళ్లు ‘ఫైనలిస్టులు’ అని బహువచనం తలుచుకుని ఉంటారు, పాపం. బోర్డులు మాత్రం ఏకవచనంతో సరిపెట్టుకున్నాయి. లోపల ఎంపిక అంతా ముగించుకుని, ‘లోన్ ఫైనలిస్టు’ అని ఒక్క పేరు ప్రకటించడం అక్కడ ఆనవాయితీ. ఒకే ఒక్కరు పరిగెత్తిన పందెంలో ఆ ఒక్కరే తుది దశకు చేరుకున్నారన్నమాట! ఆ 21 రోజులు ప్రజాభిప్రాయానికట. పోలిక చూడటానికి రెండో పేరే లేనప్పుడు అభిప్రాయం దేనిమీద చెప్పాలో ఎవరికీ తెలియదు. అందుకే ఆ మూడు వారాలూ అభినందనలతో సాఫీగా గడిచిపోతాయి.

ఇది మనవాళ్లకు దూరపు సంగతి కాదు. డల్లాస్ పక్కన ఫ్రిస్కో, కొప్పెల్ లాంటి ఊళ్లలో తెలుగు కుటుంబాలు ఇల్లు కొనేముందు చూసేది వాస్తు, ఆ తర్వాత స్కూల్ డిస్ట్రిక్ట్. కొందరికి ముందు స్కూల్ డిస్ట్రిక్టే. ఇంటి ధరలో బడి రేటింగు కలిసే ఉంటుంది, ఏటా కట్టే ప్రాపర్టీ టాక్స్‌లో పెద్ద ముక్క బడికే పోతుంది. గ్రీన్‌కార్డు క్యూలో ఏళ్లుగా నిలబడ్డ తండ్రికి ఈ బోర్డు ఎన్నికల్లో ఓటు ఉండదు, పన్ను మాత్రం ఉంటుంది. ఓటు లేనివాడికి మిగిలిన దారి బహిరంగ సమావేశంలో దక్కే ఆ రెండు మూడు నిమిషాల మైకే. దాన్ని వెళ్లిపోతున్న ఆయనకు దండం పెట్టడానికో దుమ్మెత్తిపోయడానికో వాడేసుకుంటే, వచ్చే ఆయన్ని అడగడానికి గడియారంలో క్షణం మిగలదు.

పేర్లు బయటపెడితే మంచివాళ్లు రారు అన్నది బోర్డుల జవాబు. కొట్టిపారేయదగ్గ మాటేమీ కాదు, కొందరు నిజంగానే వెనక్కి తగ్గుతారు. కానీ ఇందులో ఎంత పాలు భయమో ఎంత పాలు సౌకర్యమో తేల్చడానికి మళ్లీ మయామీకే వెళ్లాలి. ఫ్లోరిడాలో ప్రభుత్వ దస్త్రాలు ప్రజలకు తెరిచి ఉంచే చట్టం గట్టిది, అభ్యర్థుల పేర్లు దాచడం కుదరదు. 2022 జనవరిలో కార్వాల్యో స్థానానికి ముగ్గురు ఫైనలిస్టుల్ని బోర్డు అందరి ఎదుటా ఇంటర్వ్యూ చేసింది. మయామీ బడుల్లోనే దశాబ్దాలు పనిచేసి, అప్పటికి పక్కనున్న కొల్లియర్ కౌంటీలో ఉన్న హోసే డోట్రెస్‌కు ఉద్యోగం వచ్చింది. రానివాళ్లలో ఒకరు జేకబ్ ఒలీవా, ఫ్లోరిడా విద్యాశాఖలో సీనియర్ చాన్సలర్. ఇంకో ఉద్యోగం కోసం ప్రయత్నించి భంగపడ్డారని రాష్ట్రమంతా తెలిసింది. బోర్డుల లెక్క ప్రకారం ఆయన బతుకు అక్కడితో బుగ్గయిపోవాలి. ఏడాది తిరిగేసరికి ఆయన ఆర్కన్సా రాష్ట్రానికి విద్యాశాఖ కార్యదర్శి.

రెండో అభ్యంతరం గట్టిది. పెద్దల పంతాలు సరే, మధ్యలో వదిలిపోతే నష్టపోయేది పిల్లలు కాదా? ఇది విన్నాక ఎవరికైనా నోరు పెగలదు. అందుకే ఈ మాట ప్రతి సమావేశంలోనూ అంత జోరుగా వినిపిస్తుంది. బ్రూకింగ్స్ అనే పరిశోధన సంస్థ 2014లో ఫ్లోరిడా, నార్త్ కరోలినా రాష్ట్రాల పదేళ్ల పరీక్ష ఫలితాలు ముందేసుకుని ఈ విషయం తరచి చూసింది. పిల్లల ఫలితాల్లో కనిపించే తేడాల్లో ఏ సూపరింటెండెంట్ ఉన్నారన్నది వివరించగలిగింది 0.3 శాతం. కొత్తవారిని తెచ్చినందువల్ల ఫలితాలు మెరుగుపడలేదు. ఎక్కువ కాలం ఉన్నవారి దగ్గరా పెరగలేదు. 0.3 శాతానికి ఏకగ్రీవ తీర్మానాలు, 0.3 శాతానికి కన్నీళ్లు, 0.3 శాతానికి 4,40,000 డాలర్లు. పరీక్ష మార్కులే చదువంతా కాదనేవారితో నేనూ ఏకీభవిస్తాను. బస్సులు, భవనాలు, జీతాల బేరాలు, తుపాను తర్వాత బడి తెరవడం లాంటివి మార్కుల్లో కనపడవు. అయితే వీటిలో చాలా భాగం నడిపేది ఎవరు? దరఖాస్తు పెట్టే తీరిక లేని ప్రిన్సిపాళ్లు, రవాణా విభాగం మేనేజర్లు, ఇరవయ్యేళ్లుగా అదే గదిలో అదే తరగతి చెబుతున్న టీచర్లు. వీళ్లలో ఒకరు మానేస్తే ఏ బోర్డూ అత్యవసర సమావేశం పెట్టదు.

సూపరింటెండెంట్ మారితే పిల్లలకు తగిలే దెబ్బ ఏదైనా ఉంటే అది వెళ్లడంలో కన్నా, కొత్తాయన తానొచ్చానని చూపించుకోవడంలోనే ఎక్కువ. విద్యా విధాన పరిశోధకుడు ఫ్రెడరిక్ హెస్ 1999లోనే అమెరికా నగరాల్లోని 57 డిస్ట్రిక్టులను పరిశీలించి రాసిన పుస్తకంలో ఈ గుట్టు విప్పారు. అక్కడ సంస్కరణలకు కరువు లేదు, అవి ఎక్కువైపోవడమే జబ్బు. వచ్చిన ప్రతివారూ ఏదో ఒక పెద్ద పథకం మొదలుపెడతారు, అది ఫలించిందో లేదో తేలకముందే ఇంకో ఊరికి పోతారు, వారి వెనక వచ్చినవారు దాన్ని అటకెక్కించి తమది మొదలుపెడతారు. టీచర్లు మాత్రం పాత ఫైళ్లు పారేయకుండా దాచుకుంటారు, పేరు మార్చుకుని ఎప్పుడో మళ్లీ వస్తుందని తెలుసు కనుక. బోర్డులు అడుగుతున్నదీ ఇదే. ‘మీరు వచ్చాక ఏం మారుస్తారు?’ అని ఇంటర్వ్యూలో అడిగేవాళ్లు, ‘ఏం మార్చకుండా ఉంచుతారు?’ అని అడిగితే ఆ రాత్రికి అభ్యర్థి స్లైడ్లన్నీ తిరగరాసుకోవాల్సి వస్తుంది.

ఇక పన్నుల వాదన. అంత జీతం ఇస్తున్నాం, ఆ మాత్రం విశ్వాసం ఉండొద్దా అంటారు. విశ్వాసం రెండువైపులా ఉంటే అడగొచ్చు. కరాంజా వెళ్లాక హ్యూస్టన్‌లో గ్రెనీటా లేథన్ ఇన్‌ఛార్జిగా వచ్చారు. 2018 అక్టోబరులో బోర్డు 5-4 ఓట్లతో ఆమెను తప్పించి మునుపటి సూపరింటెండెంటు ఒకరిని పిలిచింది. గొడవయ్యేసరికి రోజుల వ్యవధిలోనే నాలుక మడతేసి ఆమెనే మళ్లీ కూర్చోబెట్టింది. శాశ్వత నియామకం లేకుండానే ఆమె మూడేళ్లు నెట్టుకొచ్చి, 2021లో మిసోరీలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌కు వెళ్లిపోయారు. ఆమె స్థానంలో టెనెసీ నుంచి మిలార్డ్ హౌస్ వచ్చారు. 2023లో రాష్ట్ర ప్రభుత్వం డిస్ట్రిక్టును స్వాధీనం చేసుకుని ఎన్నికైన బోర్డునీ ఆయన్నీ పక్కకు నెట్టి మైక్ మైల్స్‌ను నియమించింది. హౌస్ మేరీలాండ్‌లోని ప్రిన్స్ జార్జెస్ కౌంటీకి వెళ్లారు. ఈ వరసలో ఎవరు ఎవరికి ద్రోహం చేశారో తేల్చాలంటే పంచాయితీ పెద్దలకు కూడా కన్సల్టెంటు కావాలి.

కాబట్టి అడగాల్సింది విశ్వాసం కాదు, కాగితం. వేరే చోట దరఖాస్తు పెట్టుకునే హక్కు ఉందని, పెట్టినప్పుడు బోర్డుకు చెప్పాలని కాంట్రాక్టులోనే రాసేస్తే ‘దొరికిపోయాడు’ అనే వార్తకు విలువ పోతుంది, ముసుగుకూ పని తగ్గుతుంది. విద్యా సంవత్సరం నడుమ కదలకూడదని, సగంలో ఉన్న పనుల జాబితా, వాటి లెక్కలు, ఎవరికి అప్పగిస్తున్నారో వెళ్లేముందు బహిరంగంగా చెప్పాలని రాయొచ్చు. కొత్తగా వచ్చేవారు మొదటి ఏడాది ఏ పథకానికీ పేరు పెట్టకూడదని కూడా రాయొచ్చు, ఇది మాత్రం క్రూరమని ఒప్పుకుంటాను. కారు అలవెన్సుకు కేటాయించే పేరాలో వీటికి చోటు సరిపోతుంది. అయితే అలాంటి కాంట్రాక్టు రాయాలంటే, తాము తెచ్చుకుంటున్న మనిషి ఏదో ఒకనాడు వెళ్లిపోతాడని బోర్డు సభ్యులు స్వాగత సభలోనే ఒప్పుకోవాలి. పూలగుత్తి పట్టుకుని, కెమెరాల ముందు, ఆ మాట అనే సభ్యుడికి మరుసటి ఎన్నికల్లో మొదటి ప్రత్యర్థి అదే సభలో చప్పట్లు కొడుతూ కూర్చుని ఉంటాడు.