మీటరు వెనక్కి తిప్పేవాడికి బహిరంగ లేఖ

సెకండ్‌హ్యాండ్ బండ్ల మీటర్లు వెనక్కి తిప్పి బతుకుతున్న నీకు,

ఇది నువ్వు ఎక్కడో దాక్కుని చేసే పని కాదు. కార్ల బజారు పక్క సందులో, సీటు కవర్లు కుట్టే షాపుకీ డెంటింగ్ షెడ్డుకీ మధ్య పట్టపగలే చేస్తావు. స్టీరింగ్ కింద ఉన్న సాకెట్‌కి ఓ వైరు తగిలిస్తావు. అక్కడ కుదరకపోతే డాష్‌బోర్డు విప్పి, మీటరు బయటికి తీసి, దాని చిప్పులో అంకె మారుస్తావు. తెప్పించుకున్న టీ చల్లారేలోపు పని అయిపోతుంది. లక్షా నలభై వేలు దాటిన బండి యాభై రెండు వేలకి దిగుతుంది. నీకు కొన్ని వేలు దక్కుతాయి, అమ్మేవాడికి లక్షో రెండు లక్షలో మిగులుతాయి. ఆ తర్వాత ఆ బండి ఎవరింటికి పోయిందో, ఏ రోడ్డు మీద ఆగిందో నీకు కబురు రాదు. ఆ కబురు చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నేను కొన్నది ఐదేళ్ల డీజిల్ ఎస్‌యూవీ. ఏడుగురు పట్టే బండి. అమ్మానాన్నలని, అక్క పిల్లలని ఎక్కించుకుని నాలుగు ఊళ్లు తిప్పాలని ఎప్పటినుంచో ఉన్న కోరిక. కొత్తది కొనే స్తోమత లేదు. మన దగ్గర చాలా ఇళ్లకి పెద్ద బండి వచ్చేది సెకండ్‌హ్యాండ్‌లోనే. "సింగిల్ ఓనర్ సార్, డాక్టర్ గారి బండి, ఎండలో కూడా పెట్టలేదు" అన్నాడు అమ్మినాయన. బాడీ మీద గీత లేదు. మీటరు మీద 52,000 చిల్లర ఉంది.

ఆ బండి మాన్యువల్‌లో టైమింగ్ బెల్టు మార్చడానికి లక్ష కిలోమీటర్లు లేదా ఆరేళ్లు, ఏది ముందొస్తే అది గడువు అని రాసి ఉంది. చదివి లెక్క కట్టుకున్నాను. కిలోమీటర్లు ఇంకా సగం ఉన్నాయి, కాలం ఏడాది ఉంది. వచ్చే వేసవిలో మార్పించాలని డైరీలో రాసి పెట్టుకున్నాను. బండిని సొంత మనిషిలా చూసుకునేవాళ్లు ఎవరైనా చేసేది ఇదే. ఆ లెక్క మొదటి అంకె దగ్గరే నువ్వు కూర్చుని ఉన్నావు.

నీ పనికి మీటరు చిప్పు తెలిస్తే చాలు, ఇంజన్ తెలియక్కర్లేదు. అందుకని చెబుతున్నాను, విను. ఇంజన్‌లో కింద క్రాంక్‌షాఫ్టు, పైన క్యామ్‌షాఫ్టు ఉంటాయి. కిందది రెండు చుట్లు తిరిగేసరికి పైది సరిగ్గా ఒక చుట్టు తిరగాలి. ఆ లయ తప్పకుండా రెండిటినీ పట్టి ఉంచేది పళ్లున్న రబ్బరు బెల్టు. కొన్ని ఇంజన్లలో దాని బదులు గొలుసు వేస్తారు, నా బండిలో బెల్టే. పిస్టన్ పైకి వచ్చే వేళకి వాల్వు మూసుకుని దారి ఇవ్వాలి. డీజిల్ ఇంజన్‌లో గాలిని పెట్రోల్ ఇంజన్ కంటే చాలా గట్టిగా నొక్కుతారు కాబట్టి, పిస్టన్ పైకొచ్చినప్పుడు దాని నెత్తిన మిగిలే చోటు బహు తక్కువ. బెల్టు తెగితే క్యామ్ ఆగిపోతుంది. తెరుచుకున్న వాల్వు తెరుచుకునే ఉండిపోతుంది. పిస్టన్ వచ్చి దాన్ని గుద్దుతుంది. 2,000 ఆర్‌పీఎం దగ్గర క్రాంక్ సెకనుకి 33 చుట్లు తిరుగుతుంది. డ్రైవరు కాలు బ్రేకు మీదికి చేరేలోపే వాల్వులు వంగిపోతాయి.

ఈ బెల్టు చాలాసార్లు చెప్పకుండానే తెగుతుంది. అంతకు ముందు రోజు వరకు శబ్దం రాదు, దీపం వెలగదు, పికప్ తగ్గదు. మామూలు మనిషికి అందే హెచ్చరిక ఒక్కటే, మీటరు మీది అంకె. నువ్వు చెరిపింది దాన్నే.

మాది శ్రీశైలం ఘాట్‌లో తెగింది. దర్శనం చేసుకుని సాయంత్రం లింగాలగట్టు వైపు దిగుతున్నాం. వెనక సీట్లో అమ్మా నాన్నా, ఆ వెనక పిల్లలు. టప్‌మని ఒక్క చప్పుడు, ఇంజన్ ఆగిపోయింది. స్టీరింగ్ బిగుసుకుంది. డీజిల్ బండిలో బ్రేకుకి బలమిచ్చే వాక్యూమ్ పంపు ఇంజన్ తిరిగితేనే పనిచేస్తుంది. ఇంజన్ ఆగాక మిగిలిన వాక్యూమ్ రెండు మూడు నొక్కులకి సరిపోతుంది, ఆ పైన పెడల్ రాయిలా గట్టిపడుతుంది, బలమంతా పెట్టి తొక్కినా బండి తేలిగ్గా ఆగదు. ఒక పక్క కొండ, ఒక పక్క లోయ, ముందు మలుపు. హ్యాండ్‌బ్రేకు లాగి, కొండవైపు కాలవలోకి చక్రం దించి ఆపగలిగాను. వెనక వస్తున్న ఆర్టీసీ బస్సు డ్రైవరు తన బండి ఆపి, చెక్క దిమ్మలు తెచ్చి టైర్ల కింద పెట్టాడు. ఆయన ఎవరో తెలియదు, ఆయన మేలు మాత్రం మా ఇంట్లో ఎవరూ మరిచిపోరు. అమ్రాబాద్ అడవి దారిలో రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా బండ్లని వదలరు. హైదరాబాద్ నుంచి టోయింగ్ బండి తెల్లారితే గానీ రాదన్నారు. మా నాన్నకి బీపీ, షుగరు. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు కానీ, రాత్రి సత్రంలో మంచినీళ్ల గ్లాసు పట్టుకుంటే చేతులు వణుకుతూనే ఉన్నాయి. నువ్వు మీటరు తిప్పేటప్పుడు ఆ వెనక సీట్లో ఎవరు కూర్చుంటారో ఒక్కసారైనా ఆలోచించావా?

హైదరాబాద్‌లో మా మెకానిక్ ఏళ్ల తరబడి డీజిల్ బండ్లే చేస్తున్న మనిషి. హెడ్ దింపి చూపించాడు. వాల్వులు వంకర్లు పోయాయి, గైడ్లు పగిలాయి, పిస్టన్ల మీద వాల్వు అంచులు దిగిన గుంటలు. తెగిన బెల్టు నా చేతిలో పెట్టాడు. "అన్నా, గిది యాబై వేలు తిరిగిన బెల్టు కాదు. పండ్ల మొదట్ల పగుళ్లు సూడు. లోపలి దారాలు ఎట్ల బయటికొచ్చినయో సూడు. మీటర్ తిప్పిన్రు నీకు." ఆర్సీ పట్టుకుని కంపెనీ సర్వీస్ సెంటర్‌కి వెళ్లి పాత హిస్టరీ తీయించాను. నేను కొనడానికి ఏడాది ముందే ఆ బండి 1,31,000 దగ్గర ఆయిల్ మార్పించుకుని వెళ్లింది. నా చేతికి వచ్చేసరికి 52,000 అయింది.

బెల్టు, టెన్షనరు, వాటర్ పంపు కలిపి గడువులోపల మార్పిస్తే ఇరవై వేల లోపు ఖర్చు. హెడ్ పనికి లక్షన్నర దాటింది. ఇంత పెట్టినా ఇంజన్ మునుపటి ఇంజన్ కాలేదు. ఇప్పుడు ఎక్కువ దూరం పోవాలంటే ఇంట్లో వాళ్లు బస్సు టికెట్లు చూస్తున్నారు.

నీ అంకె నన్ను ఒక్కణ్ణే మోసం చేయలేదు, మెకానిక్‌నీ దారి తప్పించింది. ఘాట్ ముచ్చటకి ముందు ఒకసారి డీపీఎఫ్ దీపం వెలిగింది. 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 కాలుష్య నిబంధనలు వచ్చాక డీజిల్ కార్ల పొగగొట్టంలో మసిని పట్టే ఆ ఫిల్టరు మామూలైపోయింది. పట్టిన మసిని దాదాపు 600 డిగ్రీల వేడిలో బండి తనకు తానే కాల్చేసుకుంటుంది. మసి కాలుతుంది, దానిలోని బూడిద కాలదు. బూడిద ఏళ్ల తరబడి పేరుకుంటూనే ఉంటుంది. యాభై వేలు తిరిగిన బండికి ఆ దీపం వెలిగితే, సిటీలో కొద్ది కొద్ది దూరాలు తిరగడం వల్ల మసి కాలే అవకాశం రాలేదని ఎవరైనా అనుకుంటారు. మా మెకానిక్ అదే అనుకుని, ఔటర్ రింగు రోడ్డు మీద ఓ గంట తోలమన్నాడు. యాభై వేల బండికి అది సరైన మందే. లక్షా నలభై వేల బండికి చూడాల్సింది బూడిద. పైగా బూడిద నిండే కొద్దీ మసిని తరచుగా కాల్చాల్సి వస్తుంది. అలా కాల్చడానికి ఇంజన్ అదనంగా చిమ్మే డీజిల్‌లో కొంత సిలిండర్ గోడల మీంచి జారి ఇంజన్ ఆయిల్‌లో కలుస్తుంది. ఆయిల్ పలచబడుతుంది. డిప్‌స్టిక్ మీద మట్టం పెరుగుతుంది. నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరిగే టర్బో బేరింగ్ బతికేది ఆ ఆయిల్ పొర మీదే. రోగి కేస్‌షీటు మీద వయసు మార్చి రాస్తే డాక్టరు ఎంత మంచివాడైనా ఏం చేస్తాడు? నువ్వు చేసింది అదే.

నీ సమాధానం నాకు తెలుసు. "కొనేవాళ్లే తక్కువ కిలోమీటర్ల బండి కావాలంటారు, నేను చేయకపోతే ఇంకొకడు చేస్తాడు" అంటావు. మొదటి మాటలో నిజం ఉంది. మన వాళ్లు సర్వీసు బిల్లులు అడగరు, మీటరు చూసి బేరమాడతారు. వేళకి ఆయిల్ మార్చి హైవే మీద లక్షన్నర తిరిగిన డీజిల్ బండి, పట్టించుకోకుండా సిటీ ట్రాఫిక్‌లో యాభై వేలు తిరిగిన బండి కంటే ఎన్నో రెట్లు నయం. ఈ సంగతి బజారులో అందరికీ తెలుసు, కొనేవాడికి మాత్రం ఎవరూ చెప్పరు. అయితే ఇది కూడా విను. లక్షా నలభై వేలు తిరిగిందని ఉన్నమాట చెప్పి, దానికి తగ్గ ధర అడిగి ఉంటే నేను ఆ బండి కొనేవాణ్ణే. కొన్న వారంలోనే బెల్టు మార్పించేవాణ్ణి. ఆ ఇంజన్ ఈ రోజుకీ హాయిగా తిరుగుతూ ఉండేది. రెండో మాటకి జవాబు చెప్పను, అది దొంగలందరూ చెప్పే మాటే.

వేరే దేశాలు దీన్ని చిల్లర మోసంగా వదిలేయలేదు. అమెరికా 1972లోనే మీటరు తిప్పడాన్ని చట్టంతో నిషేధించింది. జర్మనీలో 2005 నుంచి ఏడాది వరకు జైలు. బెల్జియంలో 2006 చివరి నుంచి ప్రతి గ్యారేజీ తన దగ్గరికొచ్చిన బండి కిలోమీటర్లు ఒకేచోట నమోదు చేస్తుంది, ఆ నమోదు చూపే కాగితం లేకుండా పాత కారు చేతులు మారదు. మన దగ్గర మీటరు కోసమే ప్రత్యేకంగా ఒక సెక్షన్ లేదు. కానీ మోసం చేసి డబ్బు రాబట్టడానికి భారతీయ న్యాయ సంహిత 318(4) కింద ఏడేళ్ల వరకు శిక్ష ఉంది. మీటరు అందులోకి రాదని నీకు ఎవరూ హామీ ఇవ్వలేరు. 2023 ఏప్రిల్ 1 నుంచి పాత బండ్ల డీలర్లు రవాణా శాఖ దగ్గర అధికార పత్రం తీసుకోవాలి, తమ దగ్గరున్న బండి ఎందుకు, ఎంత దూరం తిరిగిందో రిజిస్టరు రాయాలి. ఆ పత్రం గోడకి తగిలించిన షాపు నాకు కనబడలేదు.

రవాణా శాఖ వాళ్లకి ఇక్కడే ఒక విన్నపం. యాజమాన్యం మారినప్పుడల్లా, పొల్యూషన్ సర్టిఫికెట్ ఇచ్చినప్పుడల్లా, బీమా కట్టినప్పుడల్లా మీటరు రీడింగు మీ వాహన్ పోర్టల్‌లో ఎక్కించండి. బండి ఎన్నో ఓనరు చేతిలో ఉందో ఫోన్లో చూపిస్తున్నప్పుడు, ఏ తేదీన ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో చూపించడం కష్టం కాదు. ఆ వరస ఒక్కటి ఉంటే చాలు, 1,31,000 తర్వాత 52,000 ఎవరూ రాయలేరు.

పాత బండి చూస్తున్నవాళ్లకి రెండు మాటలు. బేరం ఆడే ముందు ఓనరుని వెంటబెట్టుకుని కంపెనీ సర్వీస్ సెంటర్‌కి వెళ్లి హిస్టరీ తీయించండి, ఒప్పుకోకపోతే ఆ బండి వదిలేయండి. బెల్టు మార్చిన బిల్లు చేతిలో లేకపోతే బెల్టు మార్చలేదనే లెక్క, మీటరు ఏం చెప్పినా సరే, తాళాలు చేతికొచ్చిన వారమే మార్పించండి.

ఇక నీతో ఆఖరి మాట. చేతిలో ఎలక్ట్రానిక్స్ పనితనం ఉన్నవాడివి. చాలా బండ్లలో కిలోమీటర్ల లెక్క మీటరులోనే కాక వేరే కంప్యూటర్లలో కూడా నమోదై ఉంటుంది. నువ్వు వైరు తగిలించే ఆ సాకెట్ నుంచే దాన్ని చదివి, మీటరుతో సరిపోతుందో లేదో చెప్పొచ్చు. కొనబోయేవాళ్ల తరఫున ఆ పని చెయ్యి. ఫీజు తీసుకో. సంతోషంగా ఇస్తారు, నేనైతే ముందుగా ఇచ్చేవాణ్ణి.

నా ఫిర్యాదు జిల్లా వినియోగదారుల కమిషన్ ముందుంది. సర్వీసు హిస్టరీ, కొన్న రోజు తీసిన మీటరు ఫొటో, తెగిన బెల్టు ఫొటో జత చేశాను. మీటరు ఎవరు తిప్పారో తనకి తెలియదని అమ్మినాయన అంటున్నాడు. తెలిసినవాడివి నువ్వు. వచ్చి చెప్పు.