బొప్పి కట్టిందా? పదండి స్కానింగ్‌కి!

అండమాన్ రాజధానిలోని లంబాలైన్‌లో కాపురం ఉన్నవాళ్ల అదృష్టం ఇంతా అంతా కాదు. ఇటు విమానాశ్రయం, అటు అట్లాంటా పాయింట్‌లో జి.బి.పంత్ ఆసుపత్రి. కార్ నికోబార్ నుంచి రోగి అక్కడికి రావాలంటే హెలికాప్టరో, ఓడో కావాలి. మీకు ఆటో చాలు. ఇంత దగ్గరుండి కాజువాలిటీని వాడుకోకపోతే ఎలా?

పిల్లాడు మంచం మీంచి జారి పడ్డాడు. నుదుట బొప్పి. కాసేపు ఏడ్చి, బిస్కెట్ అడుగుతున్నాడు. వాడు ఊరుకున్నా మీరు ఊరుకోకండి, ఎత్తుకుని పరుగెత్తండి. డ్యూటీ డాక్టరు కళ్లలోకి టార్చి వేసి చూస్తాడు. తల చుట్టూ వేళ్లతో నొక్కుతాడు. ‘వాంతి అయిందా? ఎప్పటిలాగే ఆడుతున్నాడా?’ అని తల్లిని అడుగుతాడు. చివరికి ‘కొన్ని గంటలు ఇక్కడే ఉంచండి, చూద్దాం’ అంటాడు. సీటీ స్కాను రాయలేదంటే చదువు రానట్టే లెక్క. గొంతు పెంచండి. ఏ పిల్లలకి స్కాను అక్కర్లేదో తేల్చడానికి అమెరికాలో 42 వేలమందికి పైగా పిల్లల్ని పరిశీలించి 2009లో సూత్రాలు రాశారట. ఆ 42 వేలమందీ వేరు, మన బుజ్జిగాడు వేరు.

తల స్కానులో పడే రేడియేషన్ సుమారు 2 మిల్లీసీవర్టులు, అంటే దాదాపు నూరు ఛాతీ ఎక్స్‌రేలంత. డబ్బులు గిట్టుబాటైనట్టే కదా! చిన్న వయసులో అది మరీ మంచిది కాదని ఎవరైనా అంటే, ఫిల్ము కవరు ఊపుతూ నడిచి వచ్చేయండి. పాత ఫిల్ములు మాత్రం ఇంట్లోనే వదిలి వెళ్లాలి, లేకపోతే మళ్లీ తీయరు.

కడుపునొప్పికి రంగుమందు ఎక్కించి స్కాను తీస్తామంటే కిడ్నీ జబ్బు సంగతి ఎత్తకండి. నెల తప్పిన సంగతీ అంతే. అడిగితే చూద్దాం.

పెద్దవాళ్లకి ఒట్టావా వైద్యుల జాబితా ఒకటుంది, 2001 నాటిది. తలకి దెబ్బ తగిలి స్పృహ తప్పినవాళ్లలో రెండుసార్లు వాంతి చేసుకున్నా, వయసు 65 నిండినా, ఎత్తు నుంచి పడినా స్కాను తీయమంటుంది. ఆ లెక్కన పోకచెట్టు మీంచి పడి, స్పృహ తప్పి లేచినవాణ్ణి వెంటనే తీసుకుపోవాలి. మన సంప్రదాయం వేరు. టీ తాగించి పడుకోబెట్టండి, మగాడు కదా, లేస్తాడు. రక్తం పలచబడే మాత్రలు వేసుకునే తాతయ్య జారిపడ్డా ఇదే వైద్యం.

ఇక రాత్రి భోజనాల దగ్గర పెదనాన్న మూతి వంకర పోయి, చెయ్యి వాలిపోయిందనుకోండి. ఇది మాత్రం అస్సలు తొందరపడే విషయం కాదు. గాలి సోకిందనండి. విశాఖలో మావయ్యకి ఫోన్ చెయ్యండి. ఆయన పావురం రక్తం రాయమంటాడు, పావురం కోసం వెతకండి. మెదడులో రక్తపు గడ్డ అడ్డుపడిందో, నరం చిట్లి రక్తం కారుతోందో ముఖం చూసి చెప్పలేరు, స్కానే చెప్పాలి. గడ్డ కరిగించే సూదిమందుకి గడువు నాలుగున్నర గంటలు, అదే మందు చిట్లినవాడికి ఇస్తే ప్రాణం తీస్తుంది. కాబట్టి స్కానుకి తొందరేముంది? తెల్లవారాక బయల్దేరండి. ‘ఎప్పుడు మొదలైంది?’ అని డాక్టరు అడిగితే అందరూ ఒకేమాట మీద ఉండండి: ‘పొద్దున్న లేచేసరికే ఇలా ఉన్నారండీ!’