లాప్‌టాప్‌కి లైఫ్ సర్టిఫికెట్

నవంబరు వచ్చిందంటే పెన్షనర్లు తాము బతికే ఉన్నామని రుజువు చూపించాలి. మనిషి కౌంటరు ముందు నిలబడి దగ్గుతున్నా సరే, సర్టిఫికెట్ లేకపోతే లేనట్టే. 2014 నుంచి వేలిముద్రతో, ఈమధ్య ఫోనుకి ముఖం చూపించి కూడా పని కానిచ్చేస్తున్నారు. ఇంత వైభోగం మనుషులకేనా, యంత్రాలకు అక్కర్లేదా అని మైక్రోసాఫ్ట్ వారికి అనిపించినట్టుంది. విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో రోజులు తీరతాయని ముందే ప్రకటించారు. ఆ తేదీతో మామూలుగా వచ్చే ఉచిత భద్రతా అప్‌డేట్లు ఆగిపోయాయి. యంత్రం నడుస్తూనే ఉంటుంది, రికార్డుల్లో మాత్రం ఉండదు.

మా బావగారు రైల్వేలో, సిగ్నల్ అండ్ టెలికం విభాగంలో పనిచేసి రిటైరై సికింద్రాబాద్‌లోనే స్థిరపడ్డారు. రోజుకోసారి సోల్డరింగ్ ఐరన్ వేడెక్కకపోతే ఆయనకి నిద్ర పట్టదు. ఇంట్లో 2017లో కొన్న లాప్‌టాప్ ఉంది. ఏడో తరం ఐ5 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, ఒక టీబీ హార్డ్‌డిస్క్. పొద్దున్నే అక్క దాన్ని ఆన్ చేసి పూజకి వెళ్లేది. హారతి అయ్యేసరికి అది కళ్లు తెరిచేది. ఎవరికీ ఏ ఫిర్యాదూ లేదు.

2025 వేసవిలో అది నడుస్తూ నడుస్తూ ఆరిపోవడం మొదలైంది. మా మేనల్లుడు ఓ సర్వీస్ సెంటర్‌కి పట్టుకెళ్లాడు. వాళ్లు మూత కూడా తియ్యకుండా "మదర్‌బోర్డ్ పోయింది" అని తేల్చేశారు. ఎంత అనుభవం ఉంటే వస్తుందా చూపు! వాళ్లిచ్చిన ఎస్టిమేటుకి ఇంకొంచెం కలిపితే కొత్తదే వస్తుంది. ఆ ఇంకొంచెం కలపడానికి జనం మళ్లీ ఎండలో ఇంకెక్కడికో వెళ్లకుండా, కొత్త మోడళ్లు అదే హాల్లో ఏసీ కింద పేర్చి పెట్టారు.

బావగారు దాన్ని వెనక్కి తెచ్చి తిరగేశారు. స్క్రూల్లో పొడుగువీ పొట్టివీ ఉంటాయి. పొట్టిదాని చోట పొడుగుది బిగిస్తే లోపల బోర్డుకే గుచ్చుకుంటుంది. అందుకని తెల్లకాగితం మీద లాప్‌టాప్ అడుగుభాగం బొమ్మ గీసి, ఏ చోటి స్క్రూ ఆ చోటే టేపుతో అంటించారు. అన్నీ ఊడాయి, మూత మాత్రం రాలేదు. ఇంకో రెండు స్క్రూలు రబ్బరు కాళ్ల కింద దాక్కున్నాయి. ఇక్కడ తయారీదారుల ముందుచూపుని మెచ్చుకోవాలి. దొంగా తెరవకూడదు, కొనుక్కున్నవాడూ తెరవకూడదు. గడువు తీరిన ఏటీఎం కార్డు అంచుల్లో దూర్చి జరుపుతూ పోతే క్లిప్పులు టపటపా విడిపోయాయి.

"ఏమండీ, విరిగిందా?" అంది అక్క వంటింట్లోంచి.

"విరగలేదు, ఊడింది" అన్నారు బావగారు. ఉద్యోగంలో ముప్పై ఏళ్లు ఈ తేడాని కాగితం మీద నిలబెట్టిన మనిషి.

లోపల ఫ్యాను పక్కన, రాగి రేకుల సందుల్లో ఎనిమిదేళ్ల దుమ్ము అట్టకట్టి ఉంది. గాలి పోయే దారే లేదు. ప్రాసెసర్ మీది థర్మల్ పేస్టు ఎండి పెచ్చులు లేచింది. వేడి భరించలేక ప్రాణం కాపాడుకోవడానికి అది తనంతట తానే ఆరిపోతోంది. ఓ బ్రష్షు, కాస్త స్పిరిట్, కందిగింజంత కొత్త పేస్టు. మదర్‌బోర్డ్ లేచి కూర్చుంది. ఎస్టిమేటు కాగితాన్ని అక్క ఆవకాయ జాడీ కింద వేసింది.

తెరిచిన మూత ఊరికే మూయకూడదని బావగారి సిద్ధాంతం. పార్క్‌లేన్‌లో కంప్యూటర్ల బజారు సీటీసీకి వెళ్లి ఎస్‌ఎస్‌డీ తెచ్చారు. నిమిషానికి 5,400 చుట్లు తిరిగే హార్డ్‌డిస్క్ సెకనుకి నూరు మెగాబైట్లు చదివితే గొప్ప. అదీ ఫైళ్లు వరసలో ఉంటేనే. చిల్లరమల్లరగా ఉంటే ఒకటో రెండో మెగాబైట్లకి పడిపోతుంది. సాటా ఎస్‌ఎస్‌డీ ఐదు వందలు దాటిస్తుంది. పెళ్లి వీడియోకి తప్ప ఎన్నడూ నోరు తెరవని డీవీడీ డ్రైవ్‌ని పీకి, ఆ ఖాళీలో క్యాడీ పెట్టి పాత హార్డ్‌డిస్క్‌ని కూర్చోబెట్టారు. మర్నాడు అక్క అగ్గిపుల్ల గీసేలోపే డెస్క్‌టాప్ వచ్చేసింది. ఆవిడ కంగారుపడి మళ్లీ ఆపేసి ఆన్ చేసింది.

ఇలా అన్నివిధాలా ఆరోగ్యం కుదుటపడ్డాక అక్టోబరు వచ్చింది. హెల్త్ చెక్ అనే ప్రోగ్రామ్ నడిపితే విండోస్ 11కి ఈ యంత్రం తగదంది. లోపాలు రెండు. టీపీఎం 2.0 కనబడటం లేదు. ప్రాసెసర్ వయసు మీరింది. టీపీఎం అంటే ఈ యంత్రాన్ని నమ్మవచ్చని లోపల్నుంచి సంతకం పెట్టే గెజిటెడ్ అధికారి. ఆయన ఎక్కడికీ పోలేదు, బయోస్‌లో నిద్రపోతున్నాడు. లేపి కూర్చోబెట్టారు. వయసు మాత్రం సవరించడం కుదర్లేదు. ఇంటెల్ వారిలో ఎనిమిదో తరం నుంచే ప్రవేశం.

ఏడో తరానికి పూర్తిగా తలుపు మూశారనడం అన్యాయం. ఐ7-7820హెచ్‌క్యూ అనే చిప్‌కి, అదీ ఎంపిక చేసిన కొన్ని మోడళ్లలో ఉంటే, అనుమతి ఉంది. ఆ మోడళ్లలో మైక్రోసాఫ్ట్ తానే తయారుచేసి అమ్మిన సర్ఫేస్ స్టూడియో 2 ఉండటం కేవలం యాదృచ్ఛికం. గ్రామసభలో లబ్ధిదారుల జాబితా చదువుతుంటే విన్నవాళ్లకి ఇలాంటి యాదృచ్ఛికాలు అలవాటే.

దయ లేదనీ అనకూడదు. ఇంటి వాడకందారులకి 2026 అక్టోబరు 13 దాకా ఏడాది పొడిగింపు ఇచ్చారు. 30 డాలర్లు కట్టొచ్చు, వెయ్యి రివార్డ్ పాయింట్లు సమర్పించుకోవచ్చు, లేదా సెట్టింగులన్నీ వారి క్లౌడ్‌లో దాచుకోవచ్చు. యూరప్‌లో వినియోగదారుల సంఘాలు గట్టిగా అడిగితే అక్కడ పైసా లేకుండా, బ్యాకప్ షరతు కూడా లేకుండా ఒప్పుకున్నారు. మనం మర్యాదస్థులం, అడగం. "రైల్వేలో రీ-ఎంగేజ్‌మెంట్‌కి కూడా ఇంత తేలిగ్గా సంతకం పెట్టరు" అని బావగారు సంతోషంగా పొడిగింపు తీసుకున్నారు. ముందుజాగ్రత్తగా పక్కన లైనక్స్ మింట్ కూడా ఎక్కించారు. అది పుట్టిన తేదీ అడగలేదు.

మన ప్రభుత్వం కూడా చేతులు కట్టుకుని కూర్చోలేదు. రిపేరు హక్కు కోసం 2022లోనే కేంద్ర వినియోగదారుల శాఖ కమిటీ వేసింది, పోర్టల్ తెరిచింది. ఫ్రాన్స్‌లో 2021 నుంచి లాప్‌టాప్ అమ్మేచోట, బాగుచెయ్యడం ఎంత తేలికో పదికి మార్కులు వేసి ధర పక్కన చూపిస్తున్నారు. మన దేశంలో మార్కుల భారమంతా ఇంటర్ పిల్లలే మోస్తున్నారు. కంపెనీలకి కూడా ఎందుకులే.

ఇక మిగిలింది ర్యామ్. వేసవిలో కొనాల్సింది, "తర్వాత చూద్దాం" అని వాయిదా వేశారు. చలికాలం వెళ్తే షాపతను రేటు చెప్పి, "ఇది పొద్దున్న రేటు సార్, సాయంత్రానికి గ్యారంటీ లేదు" అన్నాడు. ప్రపంచంలో మెమరీ చిప్పులు చేసే పెద్దవాళ్లు ముగ్గురు: శామ్‌సంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్. ముగ్గురూ ఏఐ డేటా సెంటర్ల వైపు తిరిగి కూర్చున్నారు. మామూలు జనానికి ర్యామ్ అమ్మే క్రూషియల్ దుకాణాన్నే కట్టేస్తున్నట్టు 2025 డిసెంబరులో మైక్రాన్ చెప్పేసింది. ఎవరో ఎక్కడో తమ పిల్లి మీద సీసపద్యం రాసిపెట్టమని కంప్యూటర్ని అడుగుతారు, పార్క్‌లేన్‌లో బావగారి జేబుకి చిల్లు పడుతుంది. ఆయన బేరమాడకుండా కొన్నారు. అక్కకి ఆ సంగతి ఇంకా తెలియదు.

కొత్త ర్యామ్ పెట్టాక తెర నల్లగా ఉండిపోయింది. "నాన్నా, కాల్చేశారా?" అన్నాడు మేనల్లుడు. బావగారు జవాబివ్వలేదు. మనవరాలి పెన్సిల్ బాక్సులోంచి ఎరేజర్ తీసి ర్యామ్ పళ్లని రుద్దారు (ఇంజినీర్లు వద్దంటారు, బజార్లో అందరూ చేస్తారు), ఏటవాలుగా దూర్చి కిందికి నొక్కారు. కొత్త మెమరీతో పరిచయం కలిగేదాకా యంత్రం మొదటిసారి కాసేపు చీకట్లోనే ఉంటుంది. ఆ కాసేపు మనిషి ఊరుకుంటే చాలు. ఊరుకున్నారు, వెలిగింది.

ఈ గోల చూడలేక మేనల్లుడు ఓ కొత్త లాప్‌టాప్ కొనిచ్చాడు. పల్చగా ముచ్చటగా ఉంది. అందులో ర్యామ్‌ని బోర్డుకే అతికేశారు. మార్చడం, పెంచడం కుదరదు. బావగారు "సోల్డరింగ్ శుభ్రంగా చేశారు" అని మెచ్చుకుని అక్కకి ఇచ్చేశారు. ఏదో అప్‌డేట్ అయిన మర్నాడు అది నీలం తెర చూపించి రికవరీ కీ అడిగింది. 48 అంకెలు. "ఆధార్‌కే పన్నెండు కదా" అంది అక్క.

విండోస్ 11లో 2024 నాటి 24హెచ్2 వెర్షన్ నుంచి, కొత్తగా సెటప్ చేసి ఆన్‌లైన్ అకౌంటుతో లాగిన్ అయితే డిస్కుకి తనంతట తానే తాళం పడుతుంది. తాళంచెవి ఆ అకౌంటులో భద్రంగా ఉంటుంది. దొంగ ఎత్తుకెళ్లినా ఫొటోలు వాడి చేతికి చిక్కవు. అక్కకీ చిక్కలేదు. కొన్నరోజున షాపులో సెటప్ చేసిన కుర్రాడు, తొందరలో తన మెయిల్ ఐడీయే కొట్టేశాడు. ఫోన్ చేస్తే అతను అక్కడ మానేశాడన్నారు. నంబరు సంపాదించి పట్టుకుంటే, ఇప్పుడో సర్వీస్ సెంటర్‌లో చేరానన్నాడు.

"మెయిల్ పాస్‌వర్డ్ గుర్తులేదు ఆంటీ" అన్నాడు పాపం, గౌరవంగానే. "ఒకసారి తీసుకురండి. మదర్‌బోర్డ్ అయ్యుంటుంది."