పైసా పెట్టకుండా పాత చందమామల ఆసామి కావడం ఎలా?

అమెరికాలో 1938లో పది సెంట్లకు అమ్మిన యాక్షన్ కామిక్స్ మొదటి సంచిక కాపీ ఒకటి 2024లో వేలంలో 60 లక్షల డాలర్లు పలికింది. మన చందమామ మొదటి సంచిక మద్రాసులో 1947 జులైలో వచ్చింది. తేడా తొమ్మిదేళ్లే! అంటే మీ మేనత్తగారి అటక మీద ఉన్నవి చిత్తుకాగితాలు కావు, కోట్లు. అవి మీ ఇంటికి చేరే దారి ఇది. చదవడం, వెతకడం, ఖర్చుపెట్టడం ఏదీ అక్కర్లేదు.

1. కొనకండి, అడిగి తెచ్చుకోండి. మంచి సరుకెప్పుడూ చుట్టాలిళ్లలోనే ఉంటుంది. పెళ్లి హడావుడిలో వెళ్లండి. ఆ రోజు ఎవరూ లెక్కపెట్టరు. "అత్తయ్యా, మా చిన్నోడికి స్కూల్లో ప్రాజెక్టు ఇచ్చారు, ఆదివారం తెచ్చిచ్చేస్తా" అనండి. ఏ ఆదివారమో చెప్పకండి. తర్వాత ఫోన్ చేస్తే చెప్పాల్సినవి వరుసగా రాసిపెట్టుకోండి: బైండింగుకిచ్చాం, ఇల్లు మారుతున్నాం, పెట్టె అడుగున పడ్డాయి, చెదలు పట్టాయి. చెదలు అన్నాక ఎవరూ మళ్లీ అడగరు. ఒక్కో గుమ్మం ఒక్కసారే ఎక్కనిస్తారు కాబట్టి తొలిసారే అన్నీ ఎత్తుకొచ్చేయండి.

2. తప్పనిసరై కొనాల్సివస్తే ఆదివారం హైదరాబాదు ఆబిడ్స్ ఫుట్‌పాత్‌కు వెళ్లండి. బేరానికి ముందు, అమ్మేవాడు అటు తిరిగినప్పుడు, అట్ట మూల కాస్త చింపండి. "చిరిగిపోయింది కదా బాబాయ్" అంటే ధర దిగుతుంది. వడ్డాది పాపయ్య ముఖచిత్రమైతే ఇంకొంచెం ఎక్కువ చింపండి, దాని ధర మొదటే ఎక్కువ చెబుతారు.

3. ఇంటికి తెచ్చాక మరమ్మతు. దీనికి కావాల్సింది సెల్లోటేపు ఒక్కటే. చిరిగినచోట, చిరగబోయేచోట, చిరగనిచోట కూడా రెండువైపులా అంటించండి. కొన్నేళ్లకు టేపు ఊడిపోయి, జిగురు మాత్రం కాగితంలోకి ఇంకి గోధుమరంగు చారలు తేలతాయి. ఏ వేలం నిపుణుడూ వాటిని వదిలించలేడు. మీ వస్తువని గుర్తుపట్టడానికి అంతకన్నా మంచి ఆనవాలు ఏముంటుంది! పిన్నులు తుప్పుపట్టి ఉంటే అలాగే ఉంచండి. తుప్పు పక్కపేజీలకు పాకడం పాతదనానికి రుజువు. ముక్కవాసన వస్తే మేడమీద పరిచి వారంపాటు ఎండబెట్టండి. రంగులు వెలుస్తాయి, కాగితం పెళుసెక్కి వేలు తగిలితే విరుగుతుంది. విరిగే పుస్తకాన్ని ఎవరూ ఎరువు అడగరు. ఆ నిశ్చింత కోసమే ఇంత శ్రమ.

4. తర్వాత బైండు చేయించండి. ముందుగా దాసరి సుబ్రహ్మణ్యంగారి సీరియళ్ల పేజీలు, 'తోకచుక్క', 'రాతిరథం' లాంటివి, నెలనెలా సంచికల్లోంచి చింపి విడిగా కట్టించండి. మిగిలిన అట్టలు, ప్రకటనలు, ఫోటో వ్యాఖ్యల పోటీ పేజీలు పాతపేపర్లవాడికి తూకానికి వేయండి. సంచిక నెల, సంవత్సరం తెలిసేది ఆ పేజీలవల్లే, కాబట్టి అవి లేకపోతే ఏ సంవత్సరం కావాలంటే ఆ సంవత్సరం మీరే చెప్పుకోవచ్చు. బైండరుకు ఒకే మాట చెప్పండి: "మూడువైపులా గట్టిగా కొయ్యి." ఆ సీరియళ్లకు చిత్రకారుడు చిత్రగారు వేసిన బొమ్మల్లో గుర్రం కాళ్లు కొన్ని కోతలో పోతాయి. పోనివ్వండి, బీరువాలో వరస నీటుగా కనిపించడం ముఖ్యం.

5. ఇక అసలు బొమ్మలు, అంటే చిత్రకారుడు అట్టముక్క మీద స్వయంగా ఇంకుతో వేసినవి. చందమామ కోసం శంకర్ వేసిన భేతాళుడు ఒక్కటి చేతికొచ్చిందంటే మీ దశ తిరిగినట్టే. అలాంటి బొమ్మ చాలా మురికిగా ఉంటుంది. ఇంకు కింద పెన్సిల్ గీతలుంటాయి, తప్పు దిద్దిన తెల్లరంగు పూతలుంటాయి, అంచుల్లో బ్లాకుమేకరు కోసం రాసిన కొలతలుంటాయి. ఇది అచ్చు కాదు, చేత్తో వేసిందని తెలిసినవాళ్లు పోల్చుకునేది ఆ మురికితోనే. అందుకే రబ్బరుతో పెన్సిలు చెరపండి, తెల్లరంగు గోటితో గీకండి, అంచులు కత్తిరించండి. తర్వాత వేడి లామినేషన్ చేయించండి. అది ఇక ఎప్పటికీ ఊడదు.

సంతకం లేకపోతే బాల్‌పెన్నుతో మీరే పెట్టేయండి. కింద తారీఖు మాత్రం వేయకండి. వడ్డాది పాపయ్య 1992లో పోయారు, చిత్రకారుడు బాపు 2014లో పోయారు. ఇలాంటి లెక్కలు గుర్తుపెట్టుకునే ముసలాయన ఊరికొకడుంటాడు.

6. అసలు బొమ్మ దొరక్కపోతే కలర్ జిరాక్సుకు ఫ్రేము కట్టండి. భూతద్దం పెట్టి చూసి "ఈ చుక్కలేమిటండీ?" అని ఎవరైనా అడిగితే, చిత్రకారుడి ఓపిక అని చెప్పండి.

7. దాచే చోటు: బాత్రూం పైనున్న అటక. ప్లాస్టిక్ సంచిలో కుక్కి మూతి బిగించండి. లోపలి తేమ బయటకు పోకూడదు.

8. జాబితా రాయకండి. రాస్తే ఏది ఎవరిదో తేలిపోతుంది.

9. అమ్మేటప్పుడు ధర డాలర్లలో చెప్పండి. కొనేవాళ్లు పుస్తకం తెరవకుండానే వెళ్లిపోతే బేరం మంచి స్థాయిలో ఉన్నట్టు లెక్క. ఏటా రెట్టింపు చేయండి.

చందమామ అచ్చు ఆగి పదేళ్లు దాటింది. కొత్తవి ఇక రావు. ఇంకా నలగని ప్రతులు కొన్ని అక్కడక్కడా మిగిలే ఉన్నాయి. ఆలస్యం చేయకండి. చేశారంటే వాటిని భద్రంగా చూసుకునేవాళ్ల చేతిలో పడిపోతాయి.